నాన్న వద్దన్నాడు

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 52 కిలోల విభాగం ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జుటామస్ మీద 5-0. అంటే ఐదుగురు జడ్జీలూ నిఖత్ వైపే. ఆ రాత్రి భోజనాలయ్యాక వైజాగ్ నుంచి నాన్న ఫోన్ చేశాడు.

“చూశావా? నిజామాబాద్ పిల్లట. మన వైజాగ్‌లో కూడా ట్రైనింగ్ తీసుకుందిట.”

“చూశాను నాన్నా.”

కాసేపు అటువైపు నుంచి టీవీ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత, “నేను ఆ రోజు వద్దనకుండా ఉండాల్సిందిరా,” అన్నాడు.

“పర్లేదులే నాన్నా,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయన చెయ్యని తప్పుకి నేను క్షమించేశాను. క్షమిస్తున్నప్పుడు గొంతులో కాస్త పెద్దమనసు కూడా పలికించాను. ఈ వ్యాసం ఆ ‘పర్లేదులే’ గురించి.

* * *

నా దగ్గర ఒక కథ ఉంది. పదిహేనేళ్ళప్పుడు బాక్సింగ్ నేర్చుకున్నాను, బాగా ఆడేవాణ్ణి, నాన్న వద్దన్నాడు, ఇంజనీరింగ్‌లో పడ్డాను. నాలుగే ముక్కలు. దీన్ని కాలేజీ హాస్టల్లో చెప్పాను, మొదటి ఉద్యోగంలో టీమ్ లంచ్‌లో చెప్పాను. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను, అక్కడ బాగానే పనిచేసింది. ఇప్పుడు కొండాపూర్‌లో వారానికి రెండుసార్లు వెళ్ళే జిమ్‌లో, పంచింగ్ బ్యాగ్‌ని కొట్టి చెమట తుడుచుకుంటూ పక్కవాడికి చెప్తుంటాను. పక్కవాడికీ ఇలాంటిదే ఒకటి ఉంటుంది. బాక్సర్ బదులు క్రికెటర్ అనో గిటారిస్టు అనో సినిమా డైరెక్టర్ అనో ఉంటుంది, అంతే తేడా. ‘నాన్న వద్దన్నాడు’ అనే ముక్క మాత్రం ఎవరి కథలోనూ మారదు.

నా కథలో అబద్ధం పెద్దగా లేదు. ‘బాగా ఆడేవాణ్ణి’ అన్నది ఒక్కటీ తీసేస్తే మిగతాదంతా జరిగిందే. అందుకే ఇన్నేళ్ళు దాన్ని అనుమానించలేదు.

జరిగింది ఇది. 2003 ఏప్రిల్‌లో ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ వచ్చింది. పదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి. అందులో రవితేజ చేసేది కిక్ బాక్సింగ్ అనీ, బాక్సింగ్ వేరనీ మాకు తెలీదు. సినిమా చూసిన వారంలోనే నేనూ ఇంకో ఇద్దరూ మా పేటకి దగ్గర్లో ఒక గ్రౌండులో వేసవి శిక్షణ శిబిరానికి పేర్లిచ్చాం. వైజాగ్‌లో అదేం వింత కాదు. నేవీ, పోర్టు, రైల్వే ఉన్న ఊరు. బాక్సింగ్ ఆడి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నవాడు ప్రతి పేటలోనూ ఒకడు వినిపించేవాడు.

మొదటి మూడు వారాలు గ్లవ్స్ ముట్టుకోనివ్వలేదు. పొద్దున్న ఐదున్నరకి పరుగు, తర్వాత స్కిప్పింగ్, తర్వాత ఎడమకాలు ముందుకి పెట్టి నిలబడటం. నిలబడటమే ఒక వారం. ఆ తర్వాత జాబ్, అంటే ఎడం చేయి చాచి కొట్టే సూటి దెబ్బ. అదొక్కటే రోజుకి కొన్ని వందలసార్లు గాలిలోకి. చెయ్యి ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా గడ్డం దగ్గరికి తిరిగి రావాలి. రాకపోతే సార్ అరచేత్తో చెంప మీద చిన్నగా తట్టేవారు, అక్కడ ఖాళీ ఉందని తెలియడానికి. నాకు అవన్నీ నచ్చాయి. ముఖ్యంగా చేతులకి పట్టీలు చుట్టుకోవడం నచ్చింది. ఇంటికొచ్చి అద్దం ముందు కూడా చుట్టుకునేవాణ్ణి.

మే నెలాఖర్లో మొదటిసారి స్పారింగ్ పెట్టారు. హెడ్‌గార్డ్, లావుపాటి గ్లవ్స్, రెండు నిమిషాలు. ఎదురుగా నాతో పాటే చేరిన ఒకడు, పోర్టులో పనిచేసే కళాసీ కొడుకు. వాడి పేరు రాయను, మావాడు అంటాను. మావాడి జాబ్ నా ముక్కు మీద తగిలింది. కళ్ళల్లో నీళ్ళు నిండి ఏమీ కనిపించలేదు. ఆ నీళ్ళలోంచే ఇంకోటి వచ్చింది. నాకు ఇప్పటికీ గుర్తున్నది నొప్పి కాదు, వాడి మొహం. అందులో కోపం లేదు. నా గార్డ్ ఎక్కడ తెరుచుకుంటుందా అని చూస్తున్నాడు, అంతే. వీధి గొడవలో కొట్టేవాడికి కోపం ఉంటుంది, అది కాసేపటికి చల్లారుతుంది. ఇక్కడ చల్లారడానికి ఏమీ లేదు. గంట కొట్టేదాకా కొడతాడు, కొట్టాక నీళ్ళ సీసా అందిస్తాడు. అలాగే అందించాడు కూడా.

మర్నాడు జ్వరమని వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. జూన్ మొదటి వారంలో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేరాలి. “ఆ దెబ్బలాటలు ఇప్పుడెందుకు నాన్నా, ఈ రెండేళ్ళూ చదువుకో, తర్వాత చూద్దాం,” అన్నాడు నాన్న. నేను ఒకపూట అన్నం మానేశాను. తలుపేసుకుని పడుకున్నాను. అలా పడుకున్నప్పుడు లోపల ఏమనిపించిందో ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. హమ్మయ్య అనిపించింది.

* * *

నన్ను ఆపింది నాన్న మాటేనా అని తేల్చుకోవడానికి పెద్ద తత్వశాస్త్రం అక్కర్లేదు. ఆయన అన్నది ‘వద్దు’ కాదు, ‘తర్వాత’. ఆ తర్వాత వచ్చింది. ఎంసెట్ రాశాను, వేరే ఊళ్ళో ఇంజనీరింగ్‌లో చేరాను, నాన్న నాకు రాత్రి బస్సు దూరంలో ఉన్నాడు. మొదటి సంవత్సరం నోటీసుబోర్డు మీద యూనివర్సిటీ బాక్సింగ్ సెలెక్షన్స్ అని కాగితం అంటించారు. చదివాను. తేదీ కూడా చూశాను. చూసి క్యాంటీన్‌కి వెళ్ళాను. ఆ సాయంత్రం హాస్టల్లో ‘నాన్న వద్దన్నాడు’ అని చెప్పుకున్న గుర్తు.

లోపలికి వెళ్దామని గుమ్మం దాకా వచ్చినవాడి మొహం మీద తలుపు వేయడం వేరు, అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నవాడి వెనకాల తలుపు పడటం వేరు. చప్పుడు మాత్రం ఒకటే. ఇన్నేళ్ళూ నేను ఆ చప్పుడునే సాక్ష్యంగా చూపించాను.

సార్త్ర్ 1945లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసం ఒకటి ‘ఎగ్జిస్టెన్షియలిజం ఈజ్ ఎ హ్యూమనిజం’ పేరుతో పుస్తకంగా దొరుకుతుంది. పరిస్థితులు కలిసిరాలేదు గానీ లేకపోతే నేను ఎంతో అయ్యేవాణ్ణి అని చెప్పుకునేవాళ్ళని ఆయన అందులో ఏమాత్రం కనికరించడు. మనిషి చేసిందే మనిషి, చెయ్యనిది లెక్కలోకి రాదు, రాయని నవలల్లో ప్రతిభ ఉండదు అన్నది ఆయన వాదన సారం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో చదివాను. పెన్సిల్‌తో గీతలు గీసుకుని మరీ చదివాను. దాన్ని నాకు తెలిసిన అందరికీ అన్వయించాను, నాకు తప్ప.

అయితే సార్త్ర్ మాట అందరి మీదా ఒకే బరువుతో పడదు. ఆ 2003 శిబిరంలో ఒక్క ఆడపిల్ల లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగ్ మొదలైందే 2012 లండన్‌లో. నిజామాబాద్‌లో నిఖత్ నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు కూడా రింగులో వేరే ఆడపిల్లలు లేరు. ఆమెకి ఆటలు తెలిసిన తండ్రి వెనక ఉన్నాడు. అలాంటి తండ్రి లేని అమ్మాయి మా పేటలో ఒకతి ఉండి ఉంటే, శిబిరం గోడ మీంచి చూసి వెళ్ళిపోయి ఉంటే, ‘నువ్వు చేసిందే నువ్వు’ అని ఆమెతో అనడం దుర్మార్గం. ఆమెకి దారే లేదు. నాకు దారి ఉంది, దానిమీద రెండు నెలలు నడిచాను, దెబ్బ తగిలింది, కూర్చున్నాను. మేమిద్దరం ‘బాక్సింగ్ చెయ్యనివ్వలేదు’ అనే ఒకే మాట వాడితే, నేను ఆమె మాటని దొంగిలిస్తున్నట్టే లెక్క.

‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’ సినిమాలో కారు వెనక సీట్లో మార్లన్ బ్రాండో తన అన్నతో మాట్లాడే సీను చాలామందికి తెలుసు. తనూ పోటీలో నిలబడగలిగేవాణ్ణి, నువ్వే చెడగొట్టావు అని అన్నని అడుగుతాడు. ఆ సీను చూసినప్పుడల్లా నాకు నా గురించే తీసినట్టుండేది. కానీ టెరీ మలాయ్ నిజంగా బాక్సర్. అన్న పందాల కోసం గెలవగల బౌట్‌ని ఓడిపోయినవాడు. అతను పోగొట్టుకున్నది ఒకప్పుడు అతని చేతిలో ఉంది. నేను అతని దుఃఖాన్ని అరువు తెచ్చుకున్నాను, పూచీకత్తు ఏమీ పెట్టకుండా.

* * *

2016లో మహమ్మద్ అలీ చనిపోయాక నా కథకి ఇంకో వాక్యం చేరింది. ‘అయినా మంచిదే అయిందిలే, ఆ ఆటలో మెదడు పోతుంది.’ ఇందులో అబద్ధం లేదు. అలీకి పార్కిన్సన్స్ అని తెలిసేసరికి ఆయన వయసు నలభై రెండు. బాక్సర్లకి తలదెబ్బల వల్ల వచ్చే మతి తప్పడం గురించి మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టరు 1928లోనే రాశాడు. 1982 నవంబరులో లాస్ వేగస్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండ్లో పడిపోయి కొద్ది రోజుల్లో చనిపోయాడు. ఆ తర్వాతే టైటిల్ బౌట్లని 15 రౌండ్ల నుంచి 12కి తగ్గించడం మొదలైంది. ఇవన్నీ తెలిసి ఒక మనిషి బాక్సింగ్ వద్దనుకుంటే దాన్ని పిరికితనం అనలేం. మన కలని సరిగ్గా తూచి పక్కన పెట్టడం కూడా తెలివైన పనే.

కానీ నేను తూచలేదు. పదిహేనేళ్ళప్పుడు నాకు కిమ్ డుక్-కూ ఎవరో తెలీదు. ఇవి నాకు తర్వాత దొరికిన కారణాలు. కోడ్ రాసేసి, పని చేస్తోందని చూసుకుని, ఆ తర్వాత డిజైన్ డాక్యుమెంట్ రాస్తాం చూడండి, అలాంటివి.

అందని ద్రాక్ష పుల్లన అని సామెత. యాన్ ఎల్‌స్టర్ అనే తత్వవేత్త 1983లో ‘సవర్ గ్రేప్స్’ అని ఈ నక్క మీదే ఒక పుస్తకం రాశాడు. మనకి దొరకనివాటి మీద ఇష్టాన్ని మనకి తెలియకుండానే ఎలా తగ్గించుకుంటామో అందులో చర్చిస్తాడు. నాది తిరగేసిన కేసు. నేను నిజానికి ఎగిరి చూడలేదు. ఎగరనివాడికి ద్రాక్ష పుల్లగా ఉండాల్సిన అవసరం లేదు, ఎంత తియ్యగా అయినా ఉండొచ్చు. మానేసినవాడి కల అరుగుతుంది, మాసిపోతుంది, అక్కడక్కడా చిరుగుతుంది. మొదలెట్టనివాడి కల పెట్టెలోంచి తియ్యని చొక్కా. ఎప్పుడు చూసినా ఇస్త్రీ మడతతోనే ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనా బాక్సర్ వు యు చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడిపోయింది. ఆ ఓటమి ఆమె సంపాదించుకున్నది. నా కలలో నేను ఇప్పటిదాకా ఒక్క బౌట్ కూడా ఓడిపోలేదు.

* * *

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు గాజువాకలో మావాణ్ణి కలిశాను. బైకుల స్పేర్ పార్ట్స్ షాపు. వాడు ఇరవై మూడేళ్ళ దాకా ఆడాడు. రెండుసార్లు నేషనల్స్‌కి వెళ్ళాడు. రైల్వే ఉద్యోగం దాదాపు వచ్చినట్టే అనుకుంటున్నప్పుడు ఎడం కంట్లో రెటీనా చిరిగింది. ఇంకో దెబ్బ తగిలితే చూపు పోతుందని డాక్టరు చెప్పాడు. మానేశాడు.

బాధగా ఉంటుందా అని అడిగాను. నిజానికి వాడు ఏదో పెద్ద మాట అంటాడని ఎదురుచూశాను. వాడు క్లచ్ వైర్ల కట్ట సర్దుతూ, “మొదటి ఏడాది అయిదింటికి మెలకువొచ్చేసీది. లేచి కూకుంటే కాళ్ళు లాగీవి, పరుగుకెళ్ళమని. ఏటి చెయ్యాలో తెలిసీది కాదు. తరవాత తరవాత పోయింది,” అన్నాడు. అంతే. కల గురించి గానీ విధి గురించి గానీ ఒక్క ముక్క లేదు. వాడు పోగొట్టుకున్నది కాళ్ళల్లో ఉంది.

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త లొయిక్ వాకాన్ 1988లో షికాగో దక్షిణ ప్రాంతంలో నల్లజాతి వాళ్ళ పేటలో ఉన్న ఒక బాక్సింగ్ జిమ్‌లో చేరాడు. మూడేళ్ళు వాళ్ళతో పాటు సాధన చేసి, 1990లో గోల్డెన్ గ్లవ్స్ పోటీలో ఒక బౌట్ ఆడి, ‘బాడీ అండ్ సోల్’ అనే పుస్తకం రాశాడు. అది చదివితే బాక్సింగ్ అంటే ఎక్కువ భాగం రింగు కాదని తెలుస్తుంది. తాడు, బ్యాగ్, అద్దం, రోజూ అదే టైముకి రావడం, తిండి తగ్గించుకోవడం. నేను కలగన్నది మాత్రం రిఫరీ నా చెయ్యి పైకెత్తడం గురించి. అది కొన్ని సెకన్ల పని. మావాడికి కావలసింది ఆ మిగతాదంతా. ఒక పనిని కోరుకోవడం అంటే దాని మామూలు మంగళవారాన్ని కూడా కోరుకోవడం అయితే, నేను బాక్సర్ని కావాలని ఎప్పుడైనా కోరుకున్నానా అని ఇప్పుడు అనుమానం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మావాడికి అది కల కాదు. ఇంటర్ తప్పితే ఇంకేం చెయ్యాలో తెలియని ఇంట్లో, ఉద్యోగానికి కనిపించిన ఒక దారి. నాకు వెనక ఎంసెట్ ఉంది, నాన్న జీతం ఉంది. బతకని జీవితాల గురించి ఎక్కువ బెంగపడేది, బతుకుతున్న జీవితం బాగానే గడిచిపోతున్నవాళ్ళే. వ్యాసాలు రాసేదీ మేమే.

వచ్చేస్తూ అడిగాను. “నేను ఉండుంటే ఎలా ఆడేవాణ్ణంటావు?”

“నువ్వా?” అని నవ్వాడు. “నువ్వు దెబ్బ రాకముందే కళ్ళు మూసేసుకునీవోడివి గదేట్రా.”

* * *

మన సినిమాల్లో బాక్సింగ్ ఎప్పుడూ ఇంటి లెక్కే. ‘తమ్ముడు’లో అన్న కోసం రింగు ఎక్కుతాడు. ‘గని’లో అమ్మకిచ్చిన మాటకీ నాన్న పేరుకీ మధ్య నలిగిపోతాడు. ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ పేరులోనే అమ్మా నాన్నా ఉన్నారు. ఆ ఆట కోసమే ఆట ఆడే హీరో మనకి చాలా అరుదు. అందుకేనేమో నాకు కూడా, రెండు నెలల శిబిరాన్ని కథ చేసుకోవాల్సి వచ్చినప్పుడు, ఎదుట నిలబెట్టడానికి నాన్నే దొరికాడు. మావాడి జాబ్‌ని విలన్ని చెయ్యలేను, నా భయాన్ని అసలే చెయ్యలేను.

మనకి మనం చెప్పుకునే అబద్ధం వల్ల ఎవరికి నష్టం, కాస్త ఓదార్పే కదా అని వాదించొచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆ కథ ఇంట్లో తిరిగింది. పెళ్ళిలో మా ఆవిడ తరఫువాళ్ళు నవ్వుతూ నాన్నతో అన్నారు, ‘మీరు ఆపేశారటగా’ అని. ఆయనా నవ్వాడు. అలా పదిసార్లు విన్నాక ఒక మనిషి దాన్ని నమ్మడం మొదలుపెడతాడు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి ఒక రాత్రి టీవీలో ఎవరో గెలవడం చూసి, ఆనందపడాల్సింది పోయి, కొడుకుకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటాడు. నా ఓదార్పుకి బిల్లు ఆయన కట్టాడు.

మావాణ్ణి కలిసొచ్చిన మర్నాడు పొద్దున్న నాన్నకి చెప్పేశాను. వరండాలో పేపర్ చదువుతున్నాడు. “నాన్నా, అప్పుడు నువ్వు వద్దనకపోయినా నేను వెళ్ళేవాణ్ణి కాదు. దెబ్బ తగిలి భయపడ్డాను. నీ తప్పేం లేదు.”

నాన్న పేపర్ దించలేదు. “తెలుసురా,” అన్నాడు. “రెండు రోజులు జ్వరమని పడుకున్నావు. చెయ్యి పెట్టి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది. వెళ్ళనని నోటితో చెప్పలేకపోతున్నావని నేనే వద్దన్నాను.”

కాసేపాగి, “ఇంకో వారం వెళ్ళి చూడు, భయం పోతుందేమో అని అనుండాల్సింది. అనలేదు. ఆ రోజు ఫోన్‌లో అదే చెప్దామనుకున్నాను,” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఛాంపియన్‌ని ఆపేశానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. నాకు తప్పించుకోవడానికి సందు ఇచ్చానని అనుకుంటున్నాడు, ప్రేమతోనే ఇచ్చినా. అది నేను కొట్టేయగలిగిన అప్పు కాదు. ఆయన పొరపాటు ఆయన దగ్గర ఉంది, నా భయం నా దగ్గర ఉంది, ఒకటి చెప్పినంత మాత్రాన రెండోది రద్దు కాదు. కనీసం ఎవరిది ఏదో ఇప్పుడు తెలుసు.

జిమ్‌లో పోయిన వారం కొత్తగా చేరిన ఒకతను నా జాబ్ చూసి, ఎక్కడైనా నేర్చుకున్నారా అని అడిగాడు. “చిన్నప్పుడు రెండు నెలలు. ముక్కు మీద దెబ్బ తగిలితే భయపడి మానేశాను,” అన్నాను. అతను “ఓహో” అని ట్రెడ్‌మిల్ వైపు వెళ్ళిపోయాడు. పాత కథకి దొరికే శ్రోతలు దీనికి దొరకరు. నేను పట్టీలు మళ్ళీ బిగించుకుని బ్యాగ్ దగ్గరికి వెళ్ళాను.